మిట్టమధ్యాహ్నపు ఏరియేటర్లు

"డాల్ఫినా!" అని నేను ఫోన్లో అరిచిన అరుపుకి, కొట్టు ముందు చెరువుల్లో చల్లే సున్నం బస్తాలు ఆటోలోకి ఎత్తుతున్న మా పనికుర్రాడు ఏసుకుమార్ చేతిలో బస్తా వదిలేశాడు.

అవతల మాట్లాడుతున్నది బుల్లిరాజుగారి భార్య భ్రమరాంబమ్మ. వాళ్ళ ఇల్లు చెరువు గట్టు మీద. ఇంటి పక్కనే ఏరియేటర్లు, అంటే నీళ్ళని చిలికి చేపలకి గాలి అందించే చక్రాలు. ఆ రోజు మబ్బు పట్టి అవి తిరుగుతూనే ఉన్నాయి. ఆ రొదలో ఆవిడ మాటలు నాకు ముక్కలు ముక్కలుగా చేరుతున్నాయి.

"ఎంతుందండీ అది?" అన్నాను.

"పదండి, అన్నయ్యగారూ."

"పదడుగులా!"

ఏదో అంది. చివర మాత్రం వినపడింది. "నాలుగు గంటలకొకటండి."

"నాలుగు గంటలకొకటా? ఇంకా ఉన్నాయా లోపల?"

నేను రహస్యం చెబితే ముదినేపల్లిలో వినపడుతుందని మా ఆవిడ అంటుంది. కలిదిండి సెంటర్లో చేపల మందుల కొట్టు నాది. పేరు వీరరాఘవులు, పిలుపు శెట్టిగారు, గొంతు లౌడ్ స్పీకరు. కాబట్టి బుల్లిరాజుగారి చెరువులో పదడుగుల డాల్ఫిన్ పడిందనీ, నాలుగు గంటలకొకటి పడుతోందనీ ఊరంతా తెలియడానికి పది నిమిషాలు పట్టింది. అరగంటలో గట్టు మీద నలభై మోటారు సైకిళ్ళు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, వీడియోకి సిద్ధంగా. అందరికంటే ముందు నేను.

అరుగు మీదికి తెల్లకోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. ఏలూరులో నొప్పి క్లినిక్కు నుంచి ఇళ్ళకి తిరిగి చూసే నర్సు, తస్లీమ్.

"డాల్ఫిన్ కాదండీ," అంది ఆవిడ మెల్లగా, ఆ జనాన్నంతా చూస్తూ. "మార్ఫిన్. రాజుగారికి ఈ రోజు నుంచి మార్ఫిన్ పెట్టాం. పది మిల్లీగ్రాముల బిళ్ళ, నాలుగు గంటలకొకటి. నొప్పికండి."

లోపల్నుంచి బుల్లిరాజుగారి గొంతు. "ఎవరండీ డాల్ఫిన్ అన్నదీ? శెట్టిగారేనా? ఆయ్! గేటు దగ్గర టికెట్టు పెట్టించమనండి!"

జనం నవ్వారు. ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు. సగంలో ఆ నవ్వు తెగిపోయింది, కరెంటు పోయినట్టు. తర్వాత లోపల ఎవరో పళ్ళు బిగబట్టి గాలి పీల్చిన చప్పుడు. మోటారు సైకిళ్ళు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

ఆయన జబ్బు ఊళ్ళో తెలియనిది కాదు. ప్రోస్టేటులో మొదలైన కేన్సరు ఏడాదిన్నరకి వెన్నెముకలోకి ఎక్కింది. హైదరాబాదులో చెయ్యగలిగింది చేసేశారు. ఇంక ఇంట్లో ఉంచుకోండి, నొప్పి లేకుండా చూసుకోండి అన్నారు. ఆ రెండో మాట పట్టుకునే భ్రమరాంబమ్మ ఏలూరు వెళ్ళి ఆ క్లినిక్కుని వెతికింది.

"వెన్నులో చేరినవాడు వెన్నుడే అనుకోండి రాజుగారూ," అన్నాను ఆ రోజు మంచం పక్కన కూర్చుని.

"అయితే లోపల సుదర్శనం తిప్పుతున్నాడండి," అన్నాడాయన.

మా ఇద్దరి స్నేహం అలాంటిది. ఇరవైరెండేళ్ళుగా నేను మాట విసరడం, ఆయన దాన్ని తిప్పికొట్టడం. పదెకరాల చెరువులో బొచ్చె, శీలావతి చేపలు పెంచే మనిషి. నా కొట్లో మందు కొన్నాడంటే నా మాట కూడా కొనుక్కుని వెళ్ళేవాడు.

తస్లీమ్ మంచం దగ్గర గోడకి ఒక కాగితం అంటించింది. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, ఒక్కొక్క బిళ్ళ. రాత్రి పదికి రెండు. "నొప్పి ఉన్నా లేకపోయినా గడియారం చూసి వేసుకోవాలండి. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకుండా వేసుకోవడం. విరేచనం బిగుస్తుంది, దానికీ మందు ఇచ్చాను, మానకండి. రోజూ నొప్పి ఎంతుందో ఇక్కడ అంకె వెయ్యండి. సున్న అంటే అసలు లేదు, పది అంటే ఇంక నా వల్ల కాదు."

"సున్నా? నా దగ్గర సున్నమే ఉందండి, సున్న లేదు," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "అంకెని బట్టే డాక్టరుగారు మందు పెంచుతారు. అబద్ధం వేస్తే మాకు తెలియదు," అని ఆయనతో చెప్పి, వచ్చే మంగళవారం వస్తానని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే రాజుగారు నన్నొక్కణ్ణే రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి భ్రమరాంబమ్మ పాలు పితకడానికి దొడ్లో ఉంది. ఆయన తలగడ కింద నుంచి ఒక డబ్బా తీశాడు. నా కొట్లో కొన్నదే, చేపల మేతలో కలిపే విటమిను పొడి డబ్బా. అందులో అయిదు తెల్లబిళ్ళలు.

"శెట్టిగారూ, మొన్న చెరువులో పేను పడ్డప్పుడు మీరేం చెప్పారండీ?"

చేపల ఒంటికి పట్టే పేను గురించి నేను చెప్పని మాట లేదు. "ఏం చెప్పానూ?"

"పెద్దమందు ముందే దింపెయ్యకండి, పేను దానికి అలవాటు పడిపోద్ది, ఆఖర్న ఏం దింపినా చావదు అన్నారా లేదా?"

"అన్నాను. ఇరవైరెండేళ్ళుగా అంటున్నాను," అన్నాను గర్వంగా.

"మరి ఇదీ పెద్దమందే కదండీ. ఇంతకంటే పెద్దది లేదంట. ఇప్పుడే మింగేశాననుకోండి, ఒళ్ళు అలవాటు పడిపోద్ది. అసలు నొప్పి వచ్చే రోజుకి ఇది నీళ్ళతో సమానం. అప్పుడు నా గతేంటండీ?"

నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. ఆయన చెప్పింది నాకు సబబుగా తోచింది. నా మాటే కదా, నాకెందుకు తోచదు?

"రోజుకొక్కటి, పడుకోబోయే ముందు వేసుకుంటానండి. మిగతావి మీ దగ్గర దాచండి. ఇంట్లో ఉంటే మా ఆవిడ కనిపెట్టేస్తాది. ఆ నర్సమ్మ ఖాళీ అట్టలు లెక్క చూస్తాదంట, అందుకని బిళ్ళలు పిండేసి అట్టలు చూపిస్తాను. ఆఖరి పట్టుబడికి, అసలు నొప్పి వచ్చే రోజుకి ఉండాలి కదండీ."

"అంతేలెండి," అన్నాను. "ముందే మందు కాదు, మందు ముందుకి!"

ఆయన నవ్వాడు. నేను డబ్బా పుచ్చుకున్నాను. ఆ రోజు నా మాట ఎంత బాగా కుదిరిందో అని దారంతా మురుసుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత రెండు రోజులకోసారి, కొట్టు కట్టేశాక రాత్రిపూట వెళ్ళేవాణ్ణి. చొక్కా జేబులో బిళ్ళల పొట్లం వేసుకొచ్చి కొట్లో దాచిన డబ్బాలో పోసేవాణ్ణి. గోడ మీది కాగితంలో అన్నీ రెళ్ళే. రెండు, రెండు, రెండు, ఒక రోజు మూడు, మళ్ళీ రెండు. చేపల రైతుకి అది అలవాటే. చెరువు మునిగిపోతున్నా కొనేవాడు ఫోన్ చేస్తే "బాగుందండీ" అంటాడు.

మొదటి వారం ఆయన గోడకి ఆనుకుని కూర్చునేవాడు. రెండో వారం ఆనుకోవడం పోయింది. మూడో వారం పక్కకి తిరగడం పోయింది. దుప్పటి మార్చాలంటే భ్రమరాంబమ్మ ఒక్కతే అరగంట తంటాలు పడేది. ఆయన వద్దనేవాడు. ఒకే దుప్పటి మీద నాలుగు రోజులు ఉన్నాడు, పూటకోసారి చొక్కా మార్చే మనిషి. వీపు కింద పుండు పడింది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నవ్వించకండి శెట్టిగారూ. నవ్వితే నడుం విరుగుతోంది."

కూర్చుని లేచి వచ్చేవాణ్ణి.

అయిదో మంగళవారం తస్లీమ్ నన్ను గట్టు మీద ఆపింది. "రెండు అంటున్నారండి. కానీ మనిషి రెండులా లేరు. చెయ్యి వేస్తే ఒళ్ళంతా కర్రలా బిగుస్తోంది. బిళ్ళలు నిజంగా వేసుకుంటున్నారాండీ?"

"మందు విషయంలో ఆయనంత పద్ధతైన మనిషి జిల్లాలో లేడండీ," అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. అట్టలు మళ్ళీ లెక్కపెట్టుకుంది. సరిపోయాయి. వెళ్ళిపోయింది.

మే నెల. ఒక మధ్యాహ్నం గణపవరం వెళ్ళి వస్తూ, రాజుగారి చెరువు దగ్గర స్కూటరు ఆపాను. నాలుగు ఏరియేటర్లూ తిరుగుతున్నాయి. పన్నెండున్నర. నెత్తి మీద ఎండ పెనంలా ఉంది. ఏరియేటర్లు తిప్పేది తెల్లవారుజామునో, మబ్బు పట్టినప్పుడో, నీళ్ళలో గాలి తగ్గి చేపలు తేలేటప్పుడు. ఎండ బాగా ఉన్నప్పుడు నీళ్ళలో పాచి పుట్టించే గాలే సరిపోతుంది. మిట్టమధ్యాహ్నం నాలుగూ తిప్పుతున్నారంటే చెరువు చేతికి రాకుండా పోతోందన్నమాట.

గట్టు దిగి నీళ్ళు చేత్తో తీసి వాసన చూశాను. బాగున్నాయి. సంచిలో ఉన్న మేత గుప్పెడు చల్లాను. చేపలు ఎగబడి తిన్నాయి, ఒక్కటీ నోరు తెరుచుకుని తేలలేదు. చెరువుకేమీ లేదు. ఎవరో మరిచిపోయి ఉంటారు, కరెంటు దండగ అనుకుని, షెడ్డులోకి వెళ్ళి స్విచ్చి ఆపేశాను.

చక్రాలు మెల్లగా నెమ్మదించాయి. రెక్కల నుంచి నీళ్ళు కారడం ఆగింది.

అప్పుడు వినపడింది. ముందు నీటికాకి అనుకున్నాను. కొల్లేరు వైపు నుంచి వచ్చి చెరువుల మీద వాలుతుంటాయి. కాదు. అది ఇంట్లోంచి వస్తోంది. ఒకే ఎత్తున సాగి, ఊపిరి అందక తెగి, మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుతోంది. ఇరవైరెండేళ్ళలో బుల్లిరాజుగారి నోట 'అండి' లేని చప్పుడు విన్నది అదే మొదటిసారి.

భ్రమరాంబమ్మ చెప్పుల్లేకుండా గట్టు మీదికి పరిగెత్తుకొచ్చింది. "వేసెయ్యండి అన్నయ్యగారూ! వేసెయ్యండి! రోడ్డు మీద జనం పోతున్నారండి!"

ఆవిడే నన్ను తప్పించుకుని స్విచ్చి వేసింది. చక్రాలు మళ్ళీ అందుకున్నాయి. ఇల్లు మూగదైపోయింది.

"పదహారు రోజుల్నుంచీ ఇంతేనండి," అంది ఆవిడ, ఆ రొద మీదికి గొంతు పెంచి. "ఎవరికీ వినపడకూడదంటారు. పొద్దున్న మొదలవుద్దండి, నేను స్విచ్చి వేస్తాను, చీకటి పడ్డాక ఆపుతాను. బిళ్ళలు వేళకి వేసుకుంటూనే ఉన్నారు. నేను గ్లాసుతో నీళ్ళిస్తాను, పక్కనెవరూ ఉండొద్దంటారు, వేసేసుకుంటారు. అయినా ఇలాగే. అంటే ఇంక మందు లేదన్నమాటే కదండీ?"

లోపలికి వెళ్ళాను.

ఆయన తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు. మంచం పట్టీ పట్టుకున్న వేళ్ళ గోళ్ళు తెల్లబడిపోయాయి. నన్ను చూసి తువ్వాలు తీశాడు. దాని మీద నెత్తురు చార.

"శెట్టిగారూ... ఇదేనంటారా? ఆఖరి నొప్పి ఇదేనా? దాచినవి ఇప్పుడు తీసెయ్యమంటారా?"

ఇరవైరెండేళ్ళుగా ఆయన ఏది అడిగినా నా దగ్గర సమాధానం ఉండేది.

"నాకు తెలీదండి," అన్నాను.

గట్టు చివరికి వెళ్ళి తస్లీమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. డబ్బా, అట్టలు, పేను, నేను.

"ఎన్నున్నాయండి డబ్బాలో?" అంది ఆవిడ.

"రెండొందల అయిదు."

"ఇన్నాళ్ళూ రోజుకొక్కటే వేసుకున్నారు కాబట్టి, ఇప్పుడు కంగారుపడి నాలుగైదు వేసెయ్యకండి. ప్రమాదం. ఇంట్లో ఉన్న కొత్త అట్టలోంచి ఒక్కటి వేయించండి. మీరు అక్కడే ఉండండి. నేను బయల్దేరుతున్నాను."

గంటన్నరలో ఏలూరు నుంచి వచ్చింది. వస్తూనే డాక్టరుగారితో ఫోన్లో మాట్లాడి మోతాదు రాసుకుంది. భ్రమరాంబమ్మని టీ పెట్టమని వంటింట్లోకి పంపి, మంచం పక్కన కూర్చుంది.

"రాజుగారూ, నొప్పి పేను కాదండీ. అది మందుని చూసి నేర్చుకోదు. ఒళ్ళు కొంచెం అలవాటు పడినా, జబ్బు పెరిగినా, మేం బిళ్ళ పెంచుతాం. మళ్ళీ పెరిగితే మళ్ళీ పెంచుతాం. కొద్దికొద్దిగా, చూసుకుంటూ. ఇక్కడితో అయిపోయింది అనే గీత లేదండి దీనికి. మీరు దాచుకున్నది మందు కాదు, నొప్పి. అన్నాళ్ళూ రెండు అని రాశారు. ఆ రెండే నేను డాక్టరుగారికి చెప్పాను."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

తర్వాత నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మీరు చేపలకి మందులు అమ్ముకోండి. నేను గట్టు మీద అడిగినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఈయనకి పన్నెండు రోజులు తగ్గేవి."

మూడు రోజులు పట్టింది సరైన మోతాదు కుదరడానికి. తస్లీమ్ రోజూ వచ్చింది. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి ఏరియేటర్లు ఆగి ఉన్నాయి. ఆయన నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు వదులుగా. భ్రమరాంబమ్మ గుమ్మంలో కూర్చుని ఆ నిద్రని చూస్తోంది. అయిదో రోజు గడ్డం గీయించుకున్నాడు. పెసరపప్పుతో నాలుగు ముద్దలు తిన్నాడు. కాళ్ళల్లో మాత్రం అప్పటికే స్పర్శ లేదు. గట్టు మీదికి తీసుకెళ్ళి చెరువు చూపిస్తామంటే వద్దన్నాడు.

"నలభయ్యొక్క రోజులండి, శెట్టిగారూ," అన్నాడు. లెక్క ఎప్పుడు వేశాడో. "మీరు చెప్పింది పేను గురించండి. నేనే నా ఒంటికి అన్వయించుకున్నాను."

"డబ్బా పుచ్చుకున్నది నేనండి."

"ఆయ్," అన్నాడు. "పుచ్చుకున్నారు."

తర్వాత వంటింటి వైపు చూశాడు. "మా ఆవిడకి చెప్పకండి. నర్సమ్మకీ చెప్పాను. మందు మోతాదు పెంచారు, అందుకు తగ్గిందనే తెలుసు తనకి. అన్నాళ్ళూ ఆ స్విచ్చి వేసింది తనేనండి."

చెప్పనన్నాను.

ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. ఒక సాయంత్రం, నిద్రలోనే, ఏ చప్పుడూ లేకుండా పోయాడు.

పెద్దకార్యానికి గట్టు మీద షామియానా వేశారు. నాలుగు వరసల ఆకులు. నా పక్కన ముదినేపల్లి నుంచి వచ్చిన తాతారావు. అతనికీ చెరువులున్నాయి, నా కొట్లోనే కొంటాడు. నెయ్యి వడ్డించాక ఎవరో రాజుగారి ఓర్పు గురించి ఎత్తారు. పెద్ద జబ్బు, గట్టిగా అరిచి ఎరగడు, మహానుభావుడు అన్నారు.

"అసలు సంగతి నాకు తెలుసండి," అన్నాడు తాతారావు. "చూడ్డానికొచ్చినప్పుడు నాతో చెప్పారు. పెద్దమందు దాచుకుంటున్నానయ్యా, ముందే వాడేస్తే ఆఖర్న పనిచెయ్యదు అన్నారు. ఏం బుర్రండీ! అప్పట్నుంచీ మేమూ మా అమ్మకి అలాగే చేత్తన్నామండి. రొమ్ములో వచ్చి ఎముకల్లోకి దిగిందండి ఆవిడకి. రోజుకొక్కటే ఇచ్చి మిగతావి బీరువాలో పెడుతున్నాం. అడుగుద్దండి, ఇంకోటి ఇవ్వరా అని ఏడుత్తాది. కానీ అసలు టైముకి ఉండాలి కదండీ?"

వరసంతా తలలూపింది. "నిజమే మరి," అన్నారు ఇద్దరు ముగ్గురు. "శెట్టిగారు చెప్పేది అదే కదా ఎప్పుడూ."

నేను లేచి నిలబడ్డాను. కలిపిన అన్నం చేతికి అంటుకునే ఉంది. నేను లేస్తే ఏదో విసురుతానని ఊరికి అలవాటు. కొందరు నవ్వడానికి మొహాలు పెట్టుకున్నారు. గుమ్మంలో, లోపలి చీకట్లో, భ్రమరాంబమ్మ కూర్చుని ఉంది. ఆవిణ్ణి చూశాను. చెప్పనని ఇచ్చిన మాట గుర్తుంది. ముదినేపల్లిలో ఒక ముసలావిడ ఇంకో బిళ్ళ కోసం ఏడుస్తోంది.

"నేను చెప్పింది చేపల పేను గురించండీ," అన్నాను. నా గొంతుతో అంటే నాలుగు వరసలకీ, వంట పొయ్యిల దాకా, గుమ్మం లోపలికీ. "మనిషి నొప్పి గురించి కాదు. రాజుగారు రెంటినీ ఒకటే అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆయన బిళ్ళలు మింగకుండా నాకిచ్చారు. నేను నా కొట్లో దాచాను. నలభయ్యొక్క రోజులు. ఆయనకి ఓర్పు కాదండీ, అరిచారు. ఏరియేటర్లు వేసుకుని అరిచారు. నేను విన్నాను. ఆ మందు ముందు వాడితే అయిపోయేది కాదంట. నొప్పి పెరిగితే పెంచుతారంట, దానికి గీత లేదంట. నర్సుగారు చెప్పారు. సరిగ్గా ఇచ్చిన మూడు రోజులకి ఆయన నిద్రపోయారు. అంతకు ముందు పడ్డదంతా ఊరికే పడ్డారు. నా మూలంగా పడ్డారు."

ఎవరూ నవ్వలేదు.

"తాతారావూ, నర్సుగారి నంబరు రాసుకో. బీరువాలోవి నువ్వే లెక్కేసి పెట్టెయ్యకు, నర్సుగార్ని అడిగి వెయ్యి. ఇప్పుడే అడుగు."

అతను చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "విస్తరి ముందు నుంచి మధ్యలో లేస్తారా ఎవరైనా?" అన్నాడొక పెద్దాయన.

"లేవనివ్వండి," అంది భ్రమరాంబమ్మ లోపల్నుంచి.

మోటారు సైకిలు గట్టు దిగి వెళ్ళే చప్పుడు అందరం విన్నాం. ఆవిడ గుమ్మం దాకా వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నన్నే చూస్తోంది.

"వేసుకోలేదా అండి?"

"లేదమ్మా."

"నేను నీళ్ళిచ్చినప్పుడు కూడా?"

"లేదమ్మా. రాత్రి ఒక్కటే."

ఆవిడ షెడ్డు వైపు, ఆ స్విచ్చి ఉన్న వైపు చూసింది.

"అయితే ఆ మందు పనిచేసేదే," అంది.

"పనిచేసేదేనమ్మా."